ఈగ డింభకానికి ముడి వేసి హార్మోన్ పనిని చూడడం ఎలా?

కీటకాల రూపవిక్రియను, అంటే డింభకం (పిల్లపురుగు) ప్యూపా అనే పెంకు దశ దాటి పెద్ద కీటకంగా మారడాన్ని, హార్మోన్లు నడుపుతాయని జంతుశాస్త్ర విద్యార్థులందరూ పరీక్షల్లో రాస్తారు గాని, దాన్ని కళ్లారా చూసినవారు తక్కువ. 1934-35లో గాట్‌ఫ్రీడ్ ఫ్రెంకెల్ అనే కీటక శాస్త్రవేత్త ఈగ డింభకాలపై చేసి చూపిన ప్రయోగానికి నూలు దారం తప్ప పెద్ద పరికరమేదీ అక్కర్లేదు. అయినా ప్రయోగశాలల్లో ఇది మాటిమాటికీ చెడిపోతూనే ఉంటుంది. చాలాసార్లు దానికి కారణం ముడి వేసే వేళ తప్పడమే.

కాలేయం ముక్క, వెడల్పు మూతి సీసా, పలుచని గుడ్డ, రంపపు పొట్టు, సన్నని దారం, భూతద్దం, మంచు ముక్కలు, చేతి తొడుగులు సిద్ధం చేసుకోండి. కాలేయాన్ని ఆరుబయట పెడితే మాంసపు ఈగలు వాలి గుడ్లో, చిన్న డింభకాలో వదులుతాయి. తర్వాత సీసా మూతికి గుడ్డ కట్టి, అవి పెరిగి మేత మాని పొట్టులోకి దిగేదాకా ఆగండి.

అసలు జాగ్రత్త ఇక్కడి నుంచే కావాలి. మేత మానిన డింభకాలన్నీ ఒకే వయసువి కావు. కొన్నింటిలో రూపవిక్రియను నడిపే హార్మోన్ ఎక్డైసోన్ అప్పటికే విడుదలై ఉంటుంది, కొన్నింటిలో ఇంకా ఉండదు. చర్మం గుండా ముందు భాగంలో కనబడే ముదురు రంగు మేత సంచి ఖాళీ అయిందో లేదో చూసి వయసు అంచనా వేయమని చాలామంది చెబుతారు. అది నమ్మదగిన గుర్తు కాదు. తడి పద్ధతే వాడాలి. మాంసపు ఈగ డింభకాలను తడిలో ఉంచితే హార్మోన్ విడుదల వాయిదా పడుతుంది, పొడి పొట్టులోకి మార్చగానే అన్నీ ఇంచుమించు ఒకేసారి ముందుకు కదులుతాయి. కాబట్టి ఒక రోజు తడిలో ఉంచి, పొడిలోకి మార్చిన తొలి గంటల్లోనే ముడి వేయాలి. ముందు ఖండితాలు లోపలికి ముడుచుకుని, ఒళ్లు పొట్టిగా, నున్నగా మారిన డింభకాన్ని పక్కన పెట్టేయండి. దానిలో హార్మోన్ అప్పటికే ఒళ్లంతా పాకి ఉంటుంది.

డింభకాన్ని మంచుపై కాసేపు ఉంచితే కదలిక ఆగుతుంది. హార్మోన్‌ను వెలువరించే వలయ గ్రంథి మెదడు దగ్గర, ముందు భాగంలో ఉంటుంది కనుక, హార్మోన్ వెనక సగానికి చేరకుండా ముడి శరీరం నడుమన పడాలి. మరీ ముందుకు జరిగితే గ్రంథే నలిగిపోవచ్చు. దారాన్ని తడిపి, రెండు చుట్లు తిప్పి, ఒక్కసారిగా లాగకుండా నెమ్మదిగా బిగించండి. తర్వాత ముందు సగాన్ని వేలితో మెల్లగా నొక్కి భూతద్దంలో చూడండి. వెనక సగం ఉబ్బితే ముడి వదులుగా ఉన్నట్టు, ముడి దగ్గర ద్రవం ఊరితే చర్మం తెగినట్టు. ఆ రెంటిలో ఏది జరిగినా ఆ డింభకాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

అన్నీ కుదిరితే ముందు సగం గోధుమ రంగు తిరిగి పెంకులా గట్టిపడుతుంది, వెనక సగం తెల్లగా, మెత్తగా మిగిలిపోతుంది. రెండూ గట్టిపడితే ముడి ఆలస్యమైందని అర్థం. పోల్చుకోవడానికి ముడి వేయని డింభకాలు కొన్ని పక్కన తప్పనిసరిగా ఉండాలి. తెల్లగా మిగిలిన ఈ వెనక సగాలే హార్మోన్‌ను పసిగట్టే పరీక్షగా పనికొచ్చాయి: సారం ఎక్కించాక అవి గట్టిపడితే అందులో హార్మోన్ ఉన్నట్టే. 1954లో జర్మన్ జీవరసాయన శాస్త్రవేత్తలు బుటెనాంట్, కార్ల్సన్ సుమారు 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి 25 మిల్లీగ్రాముల ఎక్డైసోన్‌ను వేరుచేసినప్పుడు, ఏ సారంలో హార్మోన్ ఉందో ఇలా ముడివేసిన డింభకాలే తేల్చాయి.

రేడియేషన్ ప్రభావాన్ని కూడా చూడాలనుకునేవారు అనుమతి ఉన్న గామా వికిరణ కేంద్రాన్నే ఆశ్రయించాలి. అక్కడ కూడా ఫలితాన్ని తేల్చేది వేళే. డింభక కణాలు చాలావరకు విభజన ఆపేసినవి కాబట్టి తట్టుకుంటాయి. కాని రాబోయే ఈగను తయారుచేసే మొగ్గ కణాలు విభజన చెందుతూ ఉండడంతో దెబ్బతింటాయి. అందుకే వికిరణం సోకిన డింభకం పెంకు కట్టినా, దానిలోంచి ఈగ రాకపోవచ్చు. దెబ్బతిన్న మొగ్గలు హార్మోన్ విడుదలనే ఆలస్యం చేయడం కూడా పండ్ల ఈగల్లో కనిపించింది. అదే వికిరణాన్ని ఈగ వెలువడడానికి సుమారు 2 రోజుల ముందు ప్యూపాకు ఇస్తే ఈగ మామూలుగానే వస్తుంది, సంతానశక్తి మాత్రం పోతుంది. 1954లో కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవిలో పశువుల పుండ్లలో పెరిగే స్క్రూవార్మ్ ఈగను నిర్మూలించింది ఇలా వంధ్యులుగా మార్చి వదిలిన ఈగలతోనే.

పని ముగిశాక మిగిలిన డింభకాలను, ప్యూపాలను మరిగే నీటిలో వేసి చంపి, లోతుగా పాతిపెట్టండి. సీసాను ఎండలో ఆరబెట్టండి.