పాత పోస్టులను కాలరేఖ మీదికి తెచ్చే పద్ధతి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటుతున్న వేళకు శ్రీకాకుళంలో మా ఇంట్లో కరెంటు లేదు. ఫోనులో మిగిలిన కాస్త చార్జింగుతో 4 గంటల 45 నిమిషాలకు "ఉద్దానంలో మావాళ్లెవరూ ఫోన్ ఎత్తడం లేదు" అని ఒక పోస్టు పెట్టాను. ఏళ్ల తర్వాత నా పోస్టులన్నింటినీ ఒక కాలరేఖ మీద, అంటే వేలితో జరుపుతూ, కావలసిన చోట పెద్దది చేసి చూసుకోగలిగే టైమ్‌లైన్ మీద అమర్చాలని కూర్చున్నప్పుడు, ఆ పోస్టు మొదట 1970 జనవరిలో కనిపించింది. దాన్ని సరిచేస్తే అక్టోబరు 10కి వచ్చి ఆగింది. పైగా అందులో ఒక్క తెలుగు అక్షరమూ చదవడానికి వీలుగా లేదు. ఈ మూడు తప్పులను దిద్దడమే అసలు పని. గీత గీసిపెట్టే లైబ్రరీలు సిద్ధంగానే ఉన్నాయి. హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ కొద్దిగా తెలిసినవారిని ఉద్దేశించి ఈ పద్ధతిని వివరిస్తున్నాను. కోడ్‌లో వాడే పేర్లను పలికినట్టుగా తెలుగులో ఇస్తున్నాను గాని, రాసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే రాయాలి.

పోస్టులను దింపుకోవడం

దాదాపు అన్ని సామాజిక మాధ్యమాలలోనూ మన సమాచారాన్ని మనమే డౌన్‌లోడ్ చేసుకునే ఏర్పాటు సెట్టింగులలో ఉంటుంది. హెచ్‌టీఎంఎల్, జేసన్ అనే రెండు రూపాలలో ఏది కావాలని అడిగితే జేసన్‌నే ఎంచుకోవాలి, ఎందుకంటే హెచ్‌టీఎంఎల్ కంటితో చదువుకోవడానికి బాగుంటుంది తప్ప ప్రోగ్రాముకు అందించడానికి కాదు. ట్విట్టర్‌గా మనకు అలవాటైన ఎక్స్ నుంచి వచ్చే ఫైల్ చూడటానికి జేసన్‌లాగే ఉన్నా నిజానికి జావాస్క్రిప్ట్ ఫైల్; దాని మొదట్లో "విండో" అని మొదలై సమానం గుర్తుతో ముగిసే భాగాన్ని తీసివేస్తే మిగిలినది జేసన్‌గా పనికివస్తుంది. బ్లాగర్ నుంచి దింపుకున్నది ఎక్స్‌ఎంఎల్ అనే మరో రూపం కనుక దానిని బ్రౌజర్‌లోనే ఉండే డీఓఎంపార్సర్‌తో చదవాలి.

ఫైల్ చేతికి వచ్చిన తర్వాత ముందుగా దాని నకలు ఒకటి వేరే ఫోల్డర్‌లో భద్రపరచి, ఆ అసలు ప్రతిని ఇక ముట్టుకోకుండా ఉండటం మంచిది. దిద్దుబాట్లన్నీ ఒక చిన్న ప్రోగ్రాములో రాసుకుంటే, వచ్చే ఏడాది మళ్లీ దింపుకున్నప్పుడు అదే ప్రోగ్రామును ఇంకోసారి నడిపితే సరిపోతుంది.

తేదీలను దిద్దడం

చాలా ఫైళ్లలో పోస్టు సమయం 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్కగా ఉంటుంది. పైన చెప్పిన నా పోస్టు సమయం ఆ లెక్కలో 1539213300. జావాస్క్రిప్ట్‌లోని డేట్ మాత్రం మిల్లీసెకన్లను ఆశిస్తుంది. సెకన్ల సంఖ్యను అలాగే ఇస్తే, అది యాభై ఏళ్ల దూరాన్ని పద్దెనిమిది రోజులకు కుదించి, పోస్టును 1970 జనవరి 19న కూర్చోబెడుతుంది. కాలరేఖ మీద అన్ని పోస్టులూ ఒకే చోట కుప్పగా పడి కనిపిస్తే కారణం ఇదేనని వెంటనే అనుమానించవచ్చు. సంఖ్యలో పది అంకెలుంటే వెయ్యితో గుణించాలి. పదమూడు ఉంటే ముట్టుకోనక్కరలేదు.

రెండవ తప్పు ఇంత తేలికగా దొరకదు. మన గడియారం అంతర్జాతీయ సమయానికి ఐదున్నర గంటలు ముందుంటుంది కనుక, తెల్లవారుజామున 4:45కు ఇక్కడ 11వ తేదీ అయినా ఆ లెక్కలో ఇంకా 10వ తేదీ రాత్రి 11:15 మాత్రమే. తేదీని రాబట్టడానికి, అంతర్జాతీయ సమయాన్నే ఇచ్చే టుఐఎస్‌ఓస్ట్రింగ్ వాడి, మొదటి పది అక్షరాలను కత్తిరించుకోవడం చాలామందికి అలవాటు. అలా చేస్తే అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర దాకా పెట్టిన ప్రతి పోస్టూ ముందురోజుకు వెళ్లిపోతుంది. దానికి బదులు ఇంటిల్ డేట్‌టైమ్‌ఫార్మాట్‌కు భాషగా తెలుగును, టైమ్‌జోన్‌గా ఆసియా/కోల్‌కతాను ఇస్తే తేదీ సరిగ్గా రావడమే కాక నెల పేరు కూడా తెలుగులోనే వస్తుంది. సరిచూడటానికి, సమయం కచ్చితంగా గుర్తున్న తెల్లవారుజాము పోస్టు ఒకటి వెతికి పెట్టుకోవాలి. పగటి పోస్టులతో పరీక్షిస్తే ఈ తప్పు బయటపడదు.

అక్షరాలను దిద్దడం

తెలుగు వంటి లిపులలో రాసేవారికి ఎదురయ్యే చిక్కు ఇది. ఇంగ్లీషులో పోస్టులు పెట్టేవారు చాలావరకు ఇది ఉన్నట్టే గమనించరు. అక్షరాలను కంప్యూటరులో సంఖ్యలుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు అక్షరసంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది. కొన్ని ఫైళ్లలో ఆ మూడింటినీ కలిపి ఒక అక్షరంగా కాక, విడివిడిగా మూడు లాటిన్ అక్షరాలుగా రాసి పంపుతారు. అప్పుడు తెర మీద, నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్‌మైనస్ గుర్తో పదేపదే కనిపిస్తాయి. తెలుగు సంకేతాలన్నీ ఆ రెండు జంటలలో ఏదో ఒకదానితోనే మొదలవుతాయి కనుక, ఆ గుర్తులు కనిపించాయంటే అక్షరాలు పోలేదు, విడిపోయాయంతే.

వాటిని తిరిగి కలపడానికి, జేసన్‌ను మామూలుగా పార్స్ చేసిన తర్వాత, ప్రతి వాక్యంలోని ఒక్కొక్క అక్షరపు సంఖ్యను చార్‌కోడ్‌యాట్‌తో తీసి, యుఇంట్8అర్రేలో వరుసగా పేర్చి, ఆ వరుసను టెక్స్ట్‌డీకోడర్‌కు యూటీఎఫ్-8గా అందించాలి. ఒక జాగ్రత్త అవసరం: ఏదైనా సంఖ్య 255 దాటి ఉంటే ఆ వాక్యం ముందే సరిగా ఉన్నట్టు, దానిని వదిలివేయాలి. లేకపోతే బాగున్న తెలుగును మన చేతులతో మనమే పాడుచేస్తాం.

రేఖ మీద ప్రతి పోస్టుకూ ఒక చిన్న శీర్షిక మాత్రమే పడుతుంది కనుక, మొదటి కొన్ని అక్షరాలను కత్తిరించి వాడాలనిపిస్తుంది. శ్రీకాకుళం అన్న మాట మన కంటికి నాలుగు అక్షరాలే అయినా కంప్యూటరుకు పది సంకేతాలు. రెండింటి తర్వాత కత్తిరిస్తే "శ్" అని పొల్లు మిగులుతుంది. ఖాళీ ఉన్న చోట, అంటే మాటకూ మాటకూ మధ్యనే తెంచడం క్షేమం. సీఎస్‌ఎస్‌లో వరుసల మధ్య ఎడాన్ని 1.6కు తగ్గకుండా ఉంచితే కింది వత్తులు తెగవు.

రేఖను గీయడం

ఇరవై ముప్పై ఘట్టాలను కథలా చూపించాలనుకునేవారికి నైట్ ల్యాబ్ వారి టైమ్‌లైన్‌జేఎస్ చాలు. గూగుల్ షీట్‌లో వరుసలు నింపితే పని అయిపోతుంది. వందల పోస్టులున్నప్పుడు నేను విస్-టైమ్‌లైన్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీనే ఎంచుకుంటాను. దానికి ప్రతి పోస్టునూ ఐడీ, స్టార్ట్, కంటెంట్, గ్రూప్ అనే నాలుగు అంశాలుగా అందించాలి. కొంతకాలం సాగిన సంగతి అయితే ఎండ్ కూడా చేర్చవచ్చు: ఏటా తేలినీలాపురానికి వచ్చి గుడ్లు పెట్టి వెళ్లే పక్షుల మీద నేను రాసినవన్నీ నెలల పొడవున్న ఒకే పట్టీ కింద చేరి, విడి చుక్కలుగా ఉన్నప్పటికంటే ఎంతో బాగా అర్థమవుతున్నాయి.

గ్రూపులంటే రేఖ మీద ఒకదాని కింద ఒకటిగా ఉండే వరుసలు. వీటిని ఎలా విడదీస్తామన్నది సాంకేతిక విషయం కాదు గాని, ఫలితమంతా దాని మీదే ఆధారపడుతుంది. నేను ముందు నెలలవారీగా విడదీసి భంగపడ్డాను. అరసవల్లిలో రథసప్తమి 2019లో ఫిబ్రవరి 12న వచ్చింది, 2023లో జనవరి 28న వచ్చింది. విజయనగరం సిరిమానోత్సవం విజయదశమి తర్వాతి మంగళవారం జరుగుతుంది కాబట్టి అదీ కదులుతూనే ఉంటుంది. తుపానులు, పండుగలు, ఇల్లు, ప్రయాణాలు అని విషయాన్ని బట్టి వరుసలు పెట్టాకే 2014 నాటి హుద్‌హుద్, 2018 నాటి తిత్లీ ఒకే వరుసలో పక్కపక్కన కనిపించాయి.

ఆ తర్వాత కొన్ని ఆప్షన్లు సరిచూసుకోవాలి. జూమ్‌మిన్‌ను ఒక రోజుకు, అంటే 8,64,00,000 మిల్లీసెకన్లకు పరిమితం చేస్తే చూసేవారు నిమిషాల లోతుకు జారిపోయి దారి తప్పరు. కోడ్‌లో రాసేటప్పుడు మాత్రం కామాలు ఉండకూడదు. జూమ్‌కీని కంట్రోల్‌కు కేటాయిస్తే, పేజీని కిందికి జరుపుకుంటూ వచ్చినవారి మౌస్ రేఖ మీద ఇరుక్కోదు. క్లస్టర్‌ను ఆన్ చేస్తే తుపాను రోజున పెట్టిన నలభై పోస్టులు ఒకదాని మీద ఒకటి పేరుకోకుండా ఒకే సంఖ్యగా ముడుచుకుంటాయి, దగ్గరికి వెళ్తే విడివడతాయి. చివరగా సెలెక్ట్ అనే ఘటనను విని, నొక్కిన పోస్టు పూర్తి పాఠాన్ని రేఖ కింది డబ్బాలో చూపించాలి; అక్కడ ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ కాక టెక్స్ట్‌కంటెంట్ వాడాలి, ఎందుకంటే పాత పోస్టులలో ఎక్కడెక్కడినుంచో అతికించిన తునకలు ఏముంటాయో మనకే గుర్తుండదు.

హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ను నేరుగా రెండుసార్లు నొక్కి తెరిస్తే, జేసన్ ఫైల్‌ను పేజీలోకి తెచ్చే ఫెచ్ పనిచేయదు, బ్రౌజర్ అడ్డుకుంటుంది. పైథాన్‌లోని హెచ్‌టీటీపీ సర్వర్‌ను అదే ఫోల్డర్‌లో నడిపి, లోకల్‌హోస్ట్ ద్వారా తెరవాలి.

నలుగురికీ చూపించే ముందు

పేజీని గిట్‌హబ్ పేజెస్ వంటి చోట ఉచితంగా పెట్టవచ్చు. అయితే అక్కడికి చేరిన జేసన్ ఫైల్‌ను ఎవరైనా దింపుకోగలరు. రేఖ మీద కనబడకుండా దాచిన పోస్టు కూడా ఆ ఫైల్‌లో ఉంటే బయటపడినట్టే. అందుకని పబ్లిష్ అనే గుర్తు నేను స్వయంగా వేసిన పోస్టులతోనే వేరే ఫైల్ తయారయ్యేలా నా ప్రోగ్రాములో రాసుకున్నాను. ఫోటోలలో దాగి ఉండే స్థల వివరాలను తొలగించాలి. ఇతరుల పేర్లు ఉన్న పోస్టులకు వారిని అడిగి తీరాలి. ఆ తెల్లవారుజామున నేను ఫోన్ చేసిన, ఉద్దానంలోని కవిటిలో ఉండే పిన్నిని అడిగితే, తన పేరు ఉంచవచ్చు గాని కూలిన కొబ్బరి తోట ఫోటో మాత్రం వద్దంది. ఆ పోస్టుకు ఇప్పుడు ఫోటో లేదు. తేదీ మాత్రం అక్టోబరు 11, ఉదయం 4:45 అనే చూపిస్తోంది.