భారత్–పాకిస్థాన్ ఉద్రిక్తతల వార్తలను ఎలా చదవాలి

ఉద్రిక్తత పెరిగిందన్న వార్త రాగానే నాయకుల ప్రసంగాలను పక్కనపెట్టి, ముందుగా వాణిజ్య ఉత్తర్వులను పరిశీలించండి. 2019లో పుల్వామా దాడి తరువాత భారత్ పాకిస్థాన్ సరుకులపై 200 శాతం కస్టమ్స్ సుంకం విధించింది. పంజాబ్ సరిహద్దులోని అట్టారీ మీదుగా వచ్చే సిమెంటు, ఎండు ఖర్జూరం దిగుమతులు పడిపోయి అక్కడి హమాలీలు, లారీల వారు ఉపాధి కోల్పోయారు. వారి గోడు పతాక శీర్షికలకు ఎక్కకపోవడం బాధాకరం.

తరువాత నీటి సంగతి చూడండి. 1965, 1971 యుద్ధాలను తట్టుకుని నిలిచిన 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని (రెండు దేశాల మధ్య నదీజలాల పంపకం ఒప్పందం), 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి అనంతరం భారత్ నిలుపుదల చేసింది. అయితే ఒప్పందాన్ని నిలపడం వేరు, ఆ ఒప్పందంలోని నదుల్లో ఒకటైన చీనాబ్ ప్రవాహాన్ని మళ్లించడం వేరు. మళ్లింపునకు భారీ జలాశయాలు, కాలువలు కావాలి, అందుకు ఏళ్లు పడుతుంది.

ఇరు దేశాల సైనికాధికారుల హాట్‌లైన్ పనిచేస్తోందా, ఏటా జరిగే ఆనవాయితీ ప్రకారం జనవరి 1న అణుకేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకున్నారా అన్నది కూడా తప్పక గమనించండి.