ఆయాసం: గాలి లోపలికి రావడం లేదా, బయటికి పోవడం లేదా?

మాది వైజాగ్ వన్‌టౌన్. పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాసేంత నల్లటి పొడి పేరుకుంటుంది. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉన్నవాణ్ణి కాబట్టి "ఏట్రా ఆ రొప్పు" అన్న అమ్మ మాట వింటూనే పెరిగాను. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటే. "ఆయాసంగా ఉంది" అంటే సరిపోదు, ఊపిరి ఎప్పుడు ఇబ్బంది పెడుతోందో కూడా చెప్పాలి.

ఊపిరితిత్తి పేరులోనే తిత్తి ఉంది. కమ్మరి లాగితే తప్ప కొలిమి తిత్తిలోకి గాలి రాదు. మన తిత్తులూ వాటంతట అవి ఉబ్బవు. పొట్టకూ ఛాతీకీ మధ్య ఉన్న విభాజక పటలం కిందికి దిగి, పక్కటెముకలు పైకి లేస్తే ఛాతీలో చోటు పెరుగుతుంది, గాలి లోపలికి వస్తుంది. పీల్చడానికి కష్టపడాలి. వదలడానికి అక్కర్లేదు, సాగిన తిత్తి దానంతట అదే ముడుచుకుంటుంది.

వదలడం కష్టంగా ఉంది, పిల్లికూతలు వస్తున్నాయి

అలాంటిది, మామూలుగా కూర్చున్నప్పుడు ఊపిరి వదలడానికే శ్రమ పడుతున్నారంటే సన్నటి శ్వాసనాళికలు ఇరుకయ్యాయేమో అనుమానించాలి. ఉబ్బసంలో వాటి గోడల్లోని కండరం బిగుసుకుంటుంది, లోపలి పొర వాస్తుంది, కఫం అడ్డుపడుతుంది. పీల్చేటప్పుడు నాళికలు కాస్త విచ్చుకుంటాయి, వదిలేటప్పుడు ఇంకా మూసుకుపోతాయి. పాత గాలి లోపలే చిక్కుకుంటుంది. మనకేమో గాలి అందడం లేదనిపించి ఇంకా ఇంకా పీలుస్తాం. ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో సిటీ బస్సు ఆగితే దిగేవాళ్ళు దిగకముందే ఎక్కేవాళ్ళు తోసుకున్నట్టే.

ముందుకు వంగి కూర్చుని మోచేతులు మోకాళ్ళ మీద ఆనించండి. ముక్కుతో పీల్చి, వేడి టీ ఊదినట్టు పెదాలు సున్నాలా చుట్టి, పీల్చిన సమయానికి రెట్టింపు సేపు మెల్లగా వదలండి. డాక్టరు ఇచ్చిన రిలీఫ్ ఇన్‌హేలర్ వాడండి.

ఆ ఇన్‌హేలర్‌ని నేను రెండేళ్ళు తప్పుగా వాడాను. ముందు నొక్కి, తర్వాత పీల్చేవాణ్ణి. మందంతా నాలుక మీదే. సరైన పద్ధతి ఇది: బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, మెల్లగా పీల్చడం మొదలుపెడుతూనే నొక్కి, పీలుస్తూనే ఉండాలి. తర్వాత పది సెకన్లు బిగబట్టాలి. కుదరకపోతే స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) కొనుక్కోండి, అందులో చిన్నతనమేమీ లేదు. వారంలో రెండుసార్ల కంటే ఎక్కువగా రిలీఫ్ ఇన్‌హేలర్ అవసరం పడుతుంటే జబ్బు అదుపులో లేదని అర్థం, రోజువారీ మందు గురించి డాక్టర్ని అడగాలి.

సింహాచలం మెట్లెక్కితే రొప్పు

ఇది చాలామందికి జబ్బు కాదు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు, ఒక్కోసారి దాదాపు అర లీటరు గాలి పీలుస్తాం. మెట్లెక్కేటప్పుడు కండరాల నుంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా వస్తుంది. దాన్ని బయటికి పంపాలని మెదడు ఊపిరి వేగం పెంచుతుంది. పందెం మానేసి, రెండు మెట్లకు పీల్చి మూడు మెట్లకు వదులుతూ వెళ్ళండి. ఆగిన కొద్ది నిమిషాల్లో తేరుకుంటే భయం లేదు.

కానీ పోయినేడు ఆగకుండా ఎక్కినవాళ్ళు ఈ ఏడు యాభై మెట్లకే కూలబడుతుంటే వయసు మీదికి నెట్టేయొద్దు. గుండెతో పాటు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. తిత్తులు ఎంత బాగున్నా, ఆక్సిజన్ మోసే సరుకు రక్తంలో తక్కువైతే ఆయాసమే.

పడుకుంటే ఆయాసం, కూర్చుంటే నయం

దిండు మీద దిండు వేసుకోవాల్సి వస్తోందా, కాళ్ళు కూడా వాస్తున్నాయా? గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుండొచ్చు. పక్కింటివాళ్ళ ఇన్‌హేలర్ అరువు తెచ్చుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

నిట్టూర్పులు, వేళ్ళలో తిమ్మిరి

టెన్షన్‌లో అవసరానికి మించి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోతుంది. వేళ్ళు, పెదాలు చుర్రుమంటాయి, తల తేలిపోతుంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, అది లేచి దిగేలా నిదానంగా ఊపిరి తీసుకోండి. ముఖానికి కవర్ పెట్టుకునే పాత చిట్కా వద్దు, ప్రమాదం. మొదటిసారి ఇలా అయినా, ఛాతీ నొప్పి ఉన్నా టెన్షనే అని మీకు మీరే తేల్చుకోకండి.

రెండు వారాలు దాటిన దగ్గు

సిరప్‌లు మార్చడం ఆపి కఫం పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ పరీక్ష, మందులు ఉచితం.

వేలికి పెట్టిన మిషన్ (పల్స్ ఆక్సీమీటర్) ఆక్సిజన్ తక్కువ చూపిస్తోంది

ముందు నెయిల్ పాలిష్ తీసేసి, చల్లబడ్డ వేలిని వెచ్చబరిచి మళ్ళీ చూడండి. మామూలుగా 95 శాతం లేదా ఆపైన ఉండాలి. అంకె బాగున్నా మనిషి ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, ఛాతీలో ఒక పక్క హఠాత్తుగా నొప్పి వచ్చి ఆయాసం మొదలైనా 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా కూర్చోబెట్టే ఉంచండి, బలవంతంగా పడుకోబెట్టొద్దు. నోట్లో నీళ్ళు పోయొద్దు. చుట్టూ మూగినవాళ్ళని కాస్త పక్కకి జరగమనండి.