జపాన్ కారు కొనే ముందు దాని కింద పడుకోండి

ఆక్లాండ్‌లో దిగిన రెండో వారానికల్లా కారు లేనిదే పని జరగదని అర్థమైపోతుంది. లైసెన్సు సంగతి, రౌండెబౌట్ దగ్గర ఎవరికి దారివ్వాలో ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అవి వదిలేస్తున్నాను. ఇన్సూరెన్సు మీద మాత్రం ఒక్క మాట. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఇక్కడ చట్టప్రకారం తప్పనిసరి కాదు. మనుషులకు తగిలిన దెబ్బల ఖర్చు ఏసీసీ అనే ప్రభుత్వ ప్రమాద బీమా సంస్థ చూసుకుంటుంది గానీ బండికి తగిలిన దెబ్బ చూసుకోదు. ఎదుటివాడి కొత్త బెంజి బంపరు బిల్లు మీ ఇంటికే వస్తుంది. చేయించుకోండి.

జపాన్ వాళ్ళూ మనలాగే ఎడమ పక్కన నడుపుతారు, స్టీరింగు కుడివైపే. న్యూజిలాండ్ 1998లో కార్ల మీద దిగుమతి సుంకం ఎత్తేసింది, ఆ ఏడాదే ఇక్కడి కార్ల అసెంబ్లీ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మీ వీధిలో నిలబెట్టిన ఆక్వాలు, ప్రియస్‌లు, ఫిట్‌లు, నోవాలు చాలావరకు అక్కడ వాడి ఇక్కడికి పంపినవే. అది తెలియగానే కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే ఆలోచన: డీలరుకి లాభం ఎందుకివ్వాలి, జపాన్ వేలంలో నేనే పాడుకుని తెప్పించుకుంటే పోలా?

లెక్క వెయ్యండి. పాట ధర, వేలం ఫీజు, ఏజెంటు కమిషను, అక్కడ ఓడరేవు దాకా లారీ, ఓడ కిరాయి, బీమా. సుంకం లేదు సరే, కారు ధరా కిరాయీ బీమా కలిపిన మొత్తం మీద 15 శాతం జీఎస్టీ ఉంది. క్లీన్ కార్ స్టాండర్డ్ కింద కార్బన్ ఎక్కువ వదిలే ఇంజను అయితే ఇంకో ఛార్జీ. ఆ తర్వాత కంప్లయన్స్, అంటే ఈ దేశపు రోడ్డెక్కడానికి పనికొస్తుందని చేసే పరీక్ష. బ్రేకులు విప్పి చూస్తారు, టైర్లు చూస్తారు, సీటుబెల్టులు లాగి చూస్తారు, బాగాలేనిది మీ డబ్బుతోనే మారుస్తారు. అందులో నెగ్గాక 7ఏ తో మొదలయ్యే 17 అక్షరాల విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య), నంబరు ప్లేటు. ఇదంతా అయ్యేసరికి రెండు నెలలు అనుకోండి. మామూలు ఆక్వా కోసం ఈ తతంగం అక్కర్లేదు, డీలరు తెచ్చిపెట్టినదే కొనుక్కోండి. డీలరు దగ్గర కొంటే 1993 నాటి కన్స్యూమర్ గ్యారంటీస్ చట్టం మీ వెనక ఉంటుంది. సొంతంగా తెప్పించుకుంటే మీ వెనక ఎవరూ ఉండరు. ఇక్కడ దొరకని ఫలానా మోడలే కావాలి, ఎనిమిది సీట్ల హైబ్రిడ్డే కావాలి అనుకుంటే అప్పుడు తెప్పించుకోవడంలో అర్థం ఉంది.

తెప్పించుకునేవాళ్ళకు రెండు హెచ్చరికలు. 2020 మార్చి 1 నుంచి ఇక్కడికొచ్చే వాడిన కార్లకు ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, అంటే బండి జారి అదుపు తప్పకుండా చూసే ఏర్పాటు, ఉండాలి. ఒకే మోడల్, ఒకే ఏడాది, కానీ చవక గ్రేడులో అది లేకపోవచ్చు. పాట పాడక ముందే ఛాసిస్ నంబరుతో కనుక్కోండి. రెండోది, సెప్టెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా కంపునల్లి కాలం. కార్ల సందుల్లో దాక్కుని వచ్చే ఈ పురుగు ఇక్కడి తోటలకు గండం. 2018 ఫిబ్రవరిలో దీని వల్లే జపాన్ నుంచి కార్లతో వచ్చిన ఓడల్ని వెనక్కి పంపేశారు. ఆ నెలల్లో కారుని వేడిగదిలో పెట్టో మందు పొగ పట్టించో గానీ పంపరు. ఆలస్యానికి ఏజెంటు మీద అరిచి లాభం లేదు.

ఇక ఆక్షన్ షీటు, అంటే వేలంలో కారుని పరీక్షించి రాసిచ్చే కాగితం. మీరు కొనేది ఇక్కడి డీలరు దగ్గరైనా సరే, అడగండి. ఉంటే చూపిస్తాడు, నసిగితే అదే జవాబు. ఏడాది జపాన్ శకంలో రాసి ఉంటుంది. శాలివాహన శకానికి 78 కలిపినట్టే హేసేకి 1988, రేవాకి 2018 కలపండి. హేసే 27 అంటే 2015. గ్రేడు 4 గానీ 4.5 గానీ ఉంటే మంచిదే, 3.5 అంటే వాడకం కనిపిస్తుంది, ఆర్ అని ఉంటే గుద్దించి బాగుచేసిన బండి. కారు బొమ్మ మీద ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే సొట్ట తీసి రంగేసిన చోటు, డబుల్ ఎక్స్ అంటే ఆ భాగమే మార్చేశారని. గీతలకీ సొట్టలకీ కంగారు పడకండి. ఎస్ అంటే తుప్పు, సి అంటే తినేసిన తుప్పు. ఆగాల్సింది అక్కడ.

ఎందుకంటే గ్రేడు ముఖ్యంగా పైన బాడీకి, లోపల సీట్లకి, తిరిగిన కిలోమీటర్లకి. కింద భాగం గురించి ఇన్‌స్పెక్టరు పక్కన చేత్తో రెండు ముక్కలు గీకుతాడు: షితామవారి సాబి. కింది భాగం తుప్పు అని అర్థం. 4 గ్రేడు చూసి మురిసిపోయినవాళ్ళు ఈ రెండు ముక్కల దగ్గరే దెబ్బతింటారు. హొక్కైడో, అవోమొరి, నీగాతా లాంటి చోట్ల చలికాలమంతా మంచు, రోడ్ల మీద ఉప్పు. ఆ ఉప్పునీళ్ళు చక్రాలు చిమ్మితే డోర్ల కింది సిల్ పెట్టెల్లోకి, బీముల్లోకి పోయి కూచుంటాయి. పైన ఎంత కడిగినా లోపలి ఉప్పు కదలదు. ఆక్లాండ్ గాలిలో తేమ ఎలాగూ తక్కువ కాదు, ఉప్పు ఆ తేమని పట్టి ఉంచుతుంది, ఇనుము ఎండకుండా తింటూనే పోతుంది. ఇక్కడ మంచు పడదుగా అనే వాదన అందుకే పనికిరాదు.

కోబేలో వేలం జరిగింది కదా అని నమ్మకండి. బండ్లు ఊళ్ళు మారతాయి. ఎగుమతి సర్టిఫికెట్టులో పాత నంబరు ప్లేటు ఉంటుంది, దాని మొదట్లో ఊరి పేరు. సప్పోరో, అసాహికావా, నీగాతా అయితే జాగ్రత్త. చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి ఫోర్ వీల్ డ్రైవ్ ఉందా? ఊరికే పెట్టించుకోరు, మంచు కోసమే.

చూడాల్సిన తీరు ఇదీ. మెకానిక్ దగ్గర హాయిస్ట్ (బండిని పైకెత్తే లిఫ్టు) ఎక్కించండి. కుదరకపోతే పాత దుప్పటి పరుచుకుని మీరే ఫోను టార్చితో పడుకోండి, జాకీ మీద ఎత్తిన బండి కిందికి మాత్రం దూరకండి. సైలెన్సరు గొట్టం మీద గోధుమరంగు మామూలే, దాన్ని చూసి పారిపోవద్దు. వెనక బీము, డోర్ల కింద సిల్ అంచు, వెనక చక్రాల ఆర్చి లోపలి మడత, స్టెప్నీ గుంట, బ్రేకు పైపులు క్లిప్పుల్లో దూరే చోటు, ఇవి చూడండి. వేలు రాస్తే పొడి అంటితే పైతుప్పు. పొరలు పొరలుగా లేచి, స్క్రూడ్రైవరు పిడితో తడితే టంగుమనకుండా మొద్దుగా మోగి పెచ్చు రాలితే ఆ కారు వద్దు. పదేళ్ళ కారుకి కింద నిగనిగలాడే కొత్త నల్లరంగు కనిపిస్తే ఇంకా వద్దు, దాచడానికే కొడతారు. సీటుబెల్టు బిగించిన చోటు దగ్గర తుప్పు తిని ఉంటే డబ్ల్యూఓఎఫ్ (బండి రోడ్డెక్కొచ్చని ఇక్కడ ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు) రాదు, కోసి వెల్డింగు చేయించాలంటే వేల డాలర్లు. డబ్ల్యూఓఎఫ్ ఉంది కదా అంటారు. అది ఆ రోజుకి నడపొచ్చని మాత్రమే. కొనే ముందు చేయించే ఇన్‌స్పెక్షన్ వేరు, దానికి విడిగా డబ్బు కట్టండి. అంత డబ్బు పెట్టి కారు కొంటూ దీని దగ్గర పిసినారితనం ఏమిటో నాకు అర్థం కాదు.

కిలోమీటర్ల మోసం భయం అందరికీ ఉంటుంది, దాన్ని పట్టుకోవడం తేలిక. జపాన్‌లో కొత్త కారుకి మూడేళ్ళకు, తర్వాత రెండేళ్ళకోసారి షాకెన్ అనే పరీక్ష. అప్పటి రీడింగులు ఎగుమతి సర్టిఫికెట్టులోకి ఎక్కుతాయి. డోరు తెరిస్తే పక్కన ఆయిలు మార్చిన స్టిక్కరు కూడా ఒక్కోసారి మిగిలే ఉంటుంది. కారు మీటరు, సర్టిఫికెట్టు, స్టిక్కరు మూడూ ఒకదానికొకటి పొసగాలి. అమ్మేవాడి అప్పు బండి మీద ఉందేమో పీపీఎస్‌ఆర్ అనే తాకట్టు రిజిస్టరులో చూడండి.

చిల్లర చికాకులు కొన్ని. రేడియో 76 నుంచి 95 మెగాహెర్ట్జ్ దాకానే పడుతుంది, ఇక్కడి స్టేషన్లు 88 నుంచి 108. బ్యాండ్ ఎక్స్‌పాండర్ అనే చిన్న డబ్బీ పెట్టిస్తే సరి. స్టార్ట్ చేయగానే ఒకావిడ జపనీస్‌లో ఏదో హెచ్చరిస్తుంది. కారుకేం కాలేదు, అక్కడి టోల్ కార్డు పెట్టలేదని ఆవిడ బాధ. డ్యాష్‌బోర్డు కింద ఈటీసీ అనే ఆ టోల్ డబ్బా వైరు పీకించండి. మంచు టైర్లుంటే నాలుగూ అవే ఉండాలి, గాడి 4 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, లేకపోతే డబ్ల్యూఓఎఫ్ పోతుంది.

ఇంత భయపెట్టాక ఒప్పుకోక తప్పదు: కింద శుభ్రంగా ఉన్న జపాన్ కారు దొరికితే అంత నమ్మకమైన బండి ఆ డబ్బుకి ఇంకోటి లేదు. షాకెన్ పుణ్యాన సర్వీసింగు సరిగ్గా జరిగి ఉంటుంది, విడిభాగాలు దొరుకుతాయి, ఆక్వా ఇంజను ఏ మెకానిక్‌కైనా తెలుసు. హైబ్రిడ్ బ్యాటరీకి భయపడి పెట్రోలు కారు కొనక్కర్లేదు. వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి పోయే జాలీ ఉంటుంది. అది దుమ్ముతో పూడుకుపోతే బ్యాటరీ వేడెక్కి పాడవుతుంది. ఆర్నెల్లకోసారి వాక్యూమ్ పెట్టండి, దాని మీద బియ్యం మూటలు పడెయ్యకండి. 30 సీరీస్ ప్రియస్ అయితే ఈజీఆర్ కూలర్ (ఇంజను పొగని చల్లార్చి మళ్ళీ ఇంజనులోకి పంపే భాగం) కడిగించారా అని అడగండి, అది పూడుకుంటే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజను మూతకి కింద ఉండే సీలు, పోతుంది. ఆయిలు 0డబ్ల్యూ-20 పోయించండి.