ఈసీయూ ట్యూనింగ్ నేర్చుకుందాం – 5వ పాఠం: లోపలికి వెళ్లే గాలి వేడి

గత పాఠంలో మ్యాప్ సెన్సర్‌ను సరిచూసుకున్నాం. సిలిండర్లకు గాలిని పంచే గొట్టంలో, అంటే మానిఫోల్డ్‌లో, ఒత్తిడి ఎంతో ఇప్పుడు ఈసీయూకి (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కి) తెలుసు. కానీ ఒత్తిడి ఒక్కటే తెలిస్తే చాలదు. అదే ఒత్తిడిలో ఉన్నా వేడి గాలి పలచగా ఉంటుంది, చల్ల గాలి చిక్కగా ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ గాలిని 60కి వేడిచేస్తే, కెల్విన్ లెక్కలో 293 నుంచి 333కి పెరుగుతుంది. అంటే సిలిండర్‌లోకి వెళ్లే గాలి బరువు 12 శాతం తగ్గినట్టే. పెట్రోలు కూడా అంతే తగ్గాలి. అందుకే ఈసీయూకి గాలి వేడిని కొలిచే సెన్సర్ కూడా కావాలి.

దీన్నుంచి వచ్చే ఒక చేతి లెక్క గుర్తుంచుకోండి: మామూలు వాతావరణంలో మూడు డిగ్రీల తప్పుకు ఇంధనంలో ఒక శాతం తప్పు. మానిఫోల్డ్ ఒత్తిడిని బట్టి ఇంధనం లెక్కగట్టే స్పీడ్ డెన్సిటీ, థ్రాటిల్ (గాలిని వదిలే కవాటం) ఎంత తెరుచుకుందో దాన్ని బట్టి లెక్కగట్టే ఆల్ఫా-ఎన్ పద్ధతులు రెండింటికీ ఇది వర్తిస్తుంది. గాలి బరువును నేరుగా కొలిచే మాఫ్ సెన్సర్ ఉంటే ఇంధనం లెక్కకు ఈ సెన్సర్‌తో పెద్దగా పని ఉండదు. అయినా గాలి వేడెక్కినప్పుడు ఇగ్నిషన్ టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) వెనక్కి తగ్గించడానికి అక్కడా కావాలి.

ఏ సెన్సర్ తీసుకోవాలి

దాదాపు అన్నీ ఎన్‌టీసీ థర్మిస్టర్లే. వేడి పెరిగేకొద్దీ నిరోధం పడిపోతుంది. రెండు వైర్లుంటాయి, ప్లస్ మైనస్ తేడా లేదు. చూడాల్సింది ముందు దాని ముక్కు. ఇత్తడి గొట్టంలో మూసేసిన రకం ఇంజన్‌ను చల్లార్చే నీళ్ల కోసం చేసింది. గాలిలో పెడితే ఆ ఇత్తడి వేడెక్కి చల్లారేదాకా పాత సంగతే చెబుతూ ఉంటుంది. గాలికి తెరిచిన రకంలో చిన్న పూస ప్లాస్టిక్ పంజరంలో వేలాడుతూ కనిపిస్తుంది. టర్బో ఇంజన్‌కు ఇది తప్ప వేరేది వద్దు. బూస్ట్ (టర్బో నొక్కే గాలి ఒత్తిడి) ఎక్కిన కొద్ది సెకన్లలోనే గాలి వేడి మారిపోతుంది, మూసిన రకం ఆ సంగతి తెలుసుకునేలోపే నాక్ (ఇంధనం అదుపు తప్పి తనంతట తానే మండడం) మొదలవుతుంది.

ఎక్కువగా దొరికేవి రెండు: 3/8 ఎన్‌పీటీ మరతో వచ్చే జీఎం రకం, ఎం12×1.5 మరతో వచ్చే బాష్ రకం. ఎం12 మరకు 10.5 మిల్లీమీటర్ల రంధ్రం వేసి ట్యాప్ తిప్పాలి. ఎన్‌పీటీ మర సన్నబడుతూ పోతుంది కాబట్టి ట్యాప్‌ను చివరిదాకా దించకండి. నాలుగు చుట్లు తిప్పి, సెన్సర్ పెట్టి చూసి, మళ్లీ తిప్పండి. ఎక్కువ దించితే సెన్సర్ ఎప్పటికీ బిగుసుకోదు.

ఈ రెండింటి నిరోధం ఓమ్‌లలో ఇలా ఉంటుంది:

0 డిగ్రీలు: జీఎం 9420, బాష్ 5896
20 డిగ్రీలు: జీఎం 3520, బాష్ 2500
40 డిగ్రీలు: జీఎం 1459, బాష్ 1175
80 డిగ్రీలు: జీఎం 332, బాష్ 323
100 డిగ్రీలు: జీఎం 177, బాష్ 187

ఈ పట్టికను నిదానంగా చూడండి. బాష్ సెన్సర్ బిగించి, సాఫ్ట్‌వేర్‌లో జీఎం ఎంచుకున్నారనుకుందాం. 80 డిగ్రీల దగ్గర రెండూ కలిసిపోతాయి కాబట్టి వేడినీళ్లలో ముంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. 20 డిగ్రీల గాలిని మాత్రం ఈసీయూ 27 పైన చదువుతుంది, 0 డిగ్రీలను 9గా చదువుతుంది. గాలి పలచగా ఉందనుకుని పెట్రోలు కోసేస్తుంది. ఒక్క చోట సరిపోయింది కదా అని సెన్సర్‌ను నమ్మకూడదనేది ఇందుకే.

ఎక్కడ పెట్టాలి

ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చేది) దాటాక, థ్రాటిల్ బాడీకి ముందు, వీలైతే ప్లాస్టిక్ లేదా రబ్బరు పైపులో. అల్యూమినియం మానిఫోల్డ్‌లో పెడితే అది గాలి వేడిని కాక లోహం వేడిని చెబుతుంది. పూస పైపు గోడకు ఆనకుండా గాలి ప్రవాహంలోకి చొచ్చుకుని ఉండాలి. నీళ్లు-మిథనాల్ చల్లే నాజిల్ ఉంటే సెన్సర్ దానికి ముందే ఉండాలి. తడిసిన పూస చెప్పే వేడి గాలిది కాదు.

పుల్-అప్ రెసిస్టర్: అసలు తప్పులు ఇక్కడే

ఈసీయూ నిరోధాన్ని నేరుగా కొలవదు. లోపల 5 వోల్టుల నుంచి ఒక స్థిరమైన రెసిస్టర్ ద్వారా సెన్సర్ పిన్‌కు కరెంటు వస్తుంది. ఆ రెసిస్టర్, సెన్సర్ కలిసి 5 వోల్టులను పంచుకుంటాయి. పిన్ దగ్గర మిగిలిన వోల్టేజీని ఈసీయూ చదువుతుంది. ఆ లోపలి రెసిస్టరే పుల్-అప్. మెగాస్క్విర్ట్ అనే ఈసీయూలో మామూలుగా 2490 ఓమ్‌లు ఉంటుంది. 1000 ఓమ్‌లు పెట్టిన ఈసీయూలూ ఉన్నాయి.

నిజానికి 1000 ఉన్నచోట సాఫ్ట్‌వేర్‌లో 2490 అని ఉంటే ఏమవుతుందో చూడండి. జీఎం సెన్సర్ 60 డిగ్రీల దగ్గర సుమారు 667 ఓమ్‌లు. ఈసీయూ దాన్ని రెండున్నర రెట్లు పెంచి 1660గా లెక్కగడుతుంది, అంటే 37 డిగ్రీలు అనుకుంటుంది. పెట్రోలు దాదాపు 7 శాతం ఎక్కువ పోస్తుంది. అది కనీసం పొగలోనో లాంబ్డా (పొగలోని ఆక్సిజన్‌ను చూసే సెన్సర్) అంకెలోనో కనిపిస్తుంది. కనిపించని ప్రమాదం వేరే ఉంది. 50 డిగ్రీలు దాటితే టైమింగ్ తగ్గించమని మీరు రాసిపెట్టిన పట్టిక పనే మొదలుపెట్టదు.

పుస్తకంలో ఉన్న విలువను నమ్మకుండా కొలుచుకోవచ్చు. సెన్సర్ ప్లగ్ తీసి, ఒక శాతం కచ్చితత్వం ఉన్న 2200 ఓమ్‌ల రెసిస్టర్‌ను ప్లగ్ రెండు పిన్‌ల మధ్య పెట్టండి. ఇగ్నిషన్ ఆన్ చేసి దాని రెండు కొసల మధ్య వోల్టేజీ చూడండి. 5లోంచి ఆ వోల్టేజీ తీసేసి, మిగిలినదాన్ని అదే వోల్టేజీతో భాగించి, 2200తో గుణించండి. 2.345 వోల్టులు వస్తే జవాబు 2491. రెసిస్టర్ తీసేసి ప్లగ్ దగ్గర ఉట్టి వోల్టేజీ కూడా చూడండి. అది 4.95 ఉంటే లెక్కలో 5కు బదులు అదే వాడాలి.

తెలియని సెన్సర్‌ను కొలవడం

కావలసినవి: మల్టీమీటర్, నమ్మదగిన థర్మామీటర్, ఐసు, కెటిల్, సన్నటి ప్లాస్టిక్ సంచి. తెరిచిన పూసను నేరుగా నీళ్లలో ముంచకండి. నీళ్ల గుండా కూడా కరెంటు పారి నిరోధం తక్కువగా కనిపిస్తుంది. సంచిలో పెట్టి, గాలి నొక్కేసి ముంచండి.

మొదటి కొలత 0 డిగ్రీలు. ఐసును బాగా పొడిచేసి, ఖాళీలు నిండేంత నీళ్లే పోసి కలపండి. నీళ్లలో రెండు ముక్కలు తేలుతుంటే అది 0 కాదు. ఐదు నిమిషాలు ఆగి, అంకె కదలకుండా నిలిచాక రాసుకోండి. మీటర్ మొనలను వేళ్లతో పట్టుకోవద్దు. చల్లటి సెన్సర్ నిరోధం వేలల్లో ఉంటుంది, మీ ఒంటి నిరోధం కూడా దానికి జతై అంకెను తగ్గిస్తుంది.

రెండోది 40 దగ్గర, గోరువెచ్చని నీళ్లు. కలుపుతూనే ఉండండి, థర్మామీటర్ మొన, పూస పక్కపక్కనే ఉండాలి. మూడోది 90 పైన. నీళ్లు మరిగితే 100 అని రాసేయకండి. సముద్ర మట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకు మరుగు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. సెన్సర్ గిన్నె అడుగుకు తగలకూడదు.

ఈ మూడు జతలను సాఫ్ట్‌వేర్‌లో ఇస్తే స్టైన్‌హార్ట్-హార్ట్ సూత్రంతో వేడికీ నిరోధానికీ మధ్య మిగతా వంపు అదే గీస్తుంది. మూడు కొలతలూ దూరదూరంగా ఉండటం ముఖ్యం. 20, 30, 40 ఇస్తే మధ్యలో చక్కగా ఉండి రెండు చివర్లలో వంకర పోతుంది. 60 దగ్గర నాలుగో కొలత తీసి, గీసిన వంపుతో పోల్చండి. ఒక డిగ్రీకి మించి తేడా వస్తే ఏదో ఒక కొలతలో తొందరపడ్డారన్నమాట. సాధారణంగా అది ఐసుదే.

బిగించాక

సెన్సర్ రెండో వైరు ఈసీయూ సెన్సర్ గ్రౌండ్‌కే వెళ్లాలి. ఇంజన్ బ్లాకుకు కలిపితే, ఫ్యాన్ తిరిగినప్పుడల్లా ఆ గ్రౌండ్ కొంచెం పైకి లేస్తుంది. 0.1 వోల్టు లేచినా, 2490 పుల్-అప్‌తో జీఎం సెన్సర్ 60 డిగ్రీల దగ్గర సుమారు రెండున్నర డిగ్రీలు చల్లగా చెబుతుంది. ఫ్యాన్‌తో పాటు అంకె గెంతుతోందంటే అనుమానించాల్సింది ఈ వైరునే.

రాత్రంతా చల్లారిన ఇంజన్‌పై ఉదయం స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పండి. గాలి సెన్సర్, నీళ్ల సెన్సర్, బయటి థర్మామీటర్ మూడూ రెండు డిగ్రీల లోపు కలవాలి. ప్లగ్ ఊడితే లేదా వైరు తెగితే దాదాపు -40 చూపిస్తుంది. రెండు వైర్లు ఒకదానికొకటి తగిలితే పట్టికలో అన్నిటికంటే వేడైన అంకె వస్తుంది. రెంటికీ ఫెయిల్‌సేఫ్ విలువ (సెన్సర్ చెడితే ఈసీయూ బదులుగా వాడే అంకె) 30 లేదా 40 డిగ్రీలుగా పెట్టుకోండి.

వేడి ఇంజన్‌ను ఆపి పది నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ చేస్తే సెన్సర్ అసలు గాలి కన్నా ఎక్కువ చెబుతుంది, ఇంజన్ లీన్‌గా (పెట్రోలు తక్కువై) తడబడుతుంది. చాలామంది ఇక్కడ వంపును కెలుకుతారు. వంపు సరైనదే, పూస చుట్టూ ఉన్న లోహం వేడెక్కింది, అంతే. చోటు మార్చండి, లేదా వేడి స్టార్ట్ తర్వాత కొద్ది సెకన్లు అదనపు ఇంధనం ఇచ్చే పట్టికను వాడండి.

అభ్యాసం: పుల్-అప్ 2490 ఓమ్‌లు, సరఫరా 5 వోల్టులు, పిన్ దగ్గర 1.85 వోల్టులు. సెన్సర్ జీఎం అయితే గాలి ఎంత వేడి? బాష్ అయితే? మొదటిది 40కి, రెండోది 34కి దగ్గర్లో రావాలి. రాకపోతే పుల్-అప్ భాగం మళ్లీ చేసి చూడండి, వచ్చే పాఠంలో నీళ్ల సెన్సర్‌కూ ఇదే లెక్క వాడతాం.