ఆవపెట్టిన పనసపొట్టు కూర ఎలా చేయాలి?

ఫాల్గుణం వచ్చేసరికి పనసచెట్టు మొదలుకే లేతకాయలు వేలాడుతుంటాయి. పండయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే వండుకోవాల్సిన కూర ఒకటుంది. గోదావరి జిల్లాల్లో పెళ్లి భోజనాల్లో మొదట ఖాళీ అయ్యే గిన్నె ఈ పనసపొట్టు కూరదే. రుచంతా రెండింటిమీదే ఆధారపడుతుంది: కాయ లేతదనం, ఆవ కలిపే సమయం.

కోసి చూసినప్పుడు గింజకు పెంకు పట్టకుండా, కత్తికి మెత్తగా తెగితే అది పొట్టుకాయ. చేతులకూ కత్తికీ నూనె బాగా రాసుకున్నాకే మొదలుపెట్టండి. పనసజిగురు నీళ్లతో వదలదు, నూనెకే వదులుతుంది. ముళ్ల తొక్క మందంగా చెక్కేసి, నడిమి గట్టి బొడ్డు తీసేసి, మిగిలింది సన్నగా తరగాలి, అదే పొట్టు. తరిగింది తరిగినట్టు పసుపు కలిపిన నీళ్లలో వేస్తే నల్లబడదు. రాజమండ్రి, అమలాపురం వైపు బజార్లలో కాయ కొంటే పొట్టు కొట్టే ఇస్తారు. విదేశాల్లో ఉన్నవాళ్లు ఉప్పునీళ్లలో నిల్వచేసిన లేతపనస డబ్బా తెచ్చుకుని రెండుమూడు సార్లు కడిగి వాడుకోవచ్చు. తీపిపాకంలో ఉన్నది మాత్రం తెచ్చుకోకండి.

అరకిలో పొట్టుకు నిమ్మకాయంత చింతపండు నానబెట్టుకోండి. రెండు చెంచాల ఆవాలు కూడా విడిగా పావుగంట నానాలి. పొట్టును కొద్ది నీళ్లు, పసుపు, ఉప్పుతో ఉడికించండి. వేళ్లతో నలిపితే నలగాలి కానీ ముద్ద కాకూడదు. చల్లారాక గట్టిగా పిండేయండి. తడి మిగిలితే కూర పొడిపొడిగా రాదు.

మూకుడులో నాలుగు పెద్ద చెంచాల నూనె పోసి సెనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి వరసగా వేయించండి. జీడిపప్పు వేస్తే పెళ్లికూరే! పప్పులు ఎర్రబడ్డాక చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ వేసి చింతపండు గుజ్జు పోయండి. గుజ్జు దగ్గరపడి నూనె తేలేదాకా ఓపిక పట్టండి, లేదంటే పచ్చివాసన మిగిలిపోతుంది. అప్పుడు పొట్టు వేసి, ఉప్పు సరిచూసి, సన్నసెగన అయిదారు నిమిషాలు కలియబెట్టి దించేయండి.

ఇక ఆవ. నానిన ఆవాల్లో రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు వేసి కొద్ది నీళ్లతో మెత్తగా నూరండి. దీన్ని పొయ్యిమీదున్న కూరలో ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు. వేడికి నషాళానికంటే ఆ ఘాటు పోయి చేదు మిగులుతుంది. కూర గోరువెచ్చగా అయ్యాక ఆవముద్దలో చెంచా పచ్చి పప్పునూనె (నువ్వులనూనె) కలిపి, చేత్తో పొట్టంతా పట్టేట్టు కలపండి. వెంటనే రుచి చూసి ఘాటు చాల్లేదని మళ్లీ ఆవ వేయకండి. గంటసేపు మూతపెట్టి ఊరనిస్తే అదే పుంజుకుంటుంది. ముద్దపప్పు, నెయ్యి పక్కన ఉంటే భోజనానికి ఇంకేం అక్కర్లేదు.

కాయ కోశాక గింజలు ముదిరి కనిపించాయా? అయితే పొట్టు కొట్టొద్దు. పెద్ద ముక్కలు కోసి నూనెలో ఎర్రగా వేయించి మసాలా కూరకో, పనసకాయ బిర్యానీకో వాడుకోండి. ముదురు కాయ వాటికే బాగుంటుంది.