నీళ్ల మీద డ్రోన్ కెమెరా కోణం జారిపోతోందా? ముందు హొరైజన్ గీత చూడండి

గోదావరి మీద ప్రీ వెడ్డింగ్ షూట్లు జోరుగా సాగే రోజుల్లో నా దగ్గరికి వచ్చే ఫిర్యాదు ఎక్కువగా ఒకటే. "గింబల్ పోయిందండీ, కెమెరా దానంతట అదే కిందికి వాలిపోతోంది." గింబల్ అంటే కెమెరాని ఊగకుండా పట్టుకుని పైకీ కిందికీ తిప్పే మోటారు అమరిక. డ్రోన్‌ని బల్ల మీద పెట్టి ఆన్ చేస్తే గింబల్ నిక్షేపంగా తిరుగుతుంది. అప్పటికే మూడుసార్లు క్యాలిబ్రేషన్ (సెన్సర్లని మళ్లీ సరిచూసుకోవడం) చేసి ఉంటారు. కొందరైతే కొత్త గింబల్‌కి డబ్బు పెట్టడానికి కూడా సిద్ధపడి వస్తారు. పది సెకన్ల పరీక్ష ఒక్కటి చేసి ఉంటే ఆ ఖర్చూ టెన్షన్ రెండూ ఉండేవి కావు.

ఆ పరీక్ష

డ్రోన్ గాల్లో ఆగి ఉన్నప్పుడు రిమోట్ స్టిక్కుల మీద నుంచి, కెమెరా కోణం మార్చే గింబల్ డయల్ మీద నుంచి వేళ్లు తీసేయండి. స్క్రీన్ మీద రెండే చూడండి. గింబల్ కోణం అంకె మారుతోందా? ఫ్రేములో బాగా దూరంగా కనిపించే గీత, అంటే హొరైజన్ (నింగీ నేలా కలిసినట్టు కనిపించే గీత) గానీ అవతలి గట్టు గానీ, పైకో కిందికో జరుగుతోందా?

కెమెరా నిజంగా వంగితే ఆ దూరపు గీత కదిలి తీరుతుంది. గీత అక్కడే ఉండి దగ్గరున్న పడవ మాత్రమే ఫ్రేములో జరుగుతుంటే కెమెరా వంగలేదు, డ్రోనే కదులుతోంది. ఈ తేడా తెలియకుండా గింబల్ జోలికి వెళ్లకండి.

అంకె, గీత రెండూ కదిలితే

ముందు ట్రాకింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. పడవని సెలెక్ట్ చేసి వదిలేస్తే దాన్ని ఫ్రేములో ఉంచడానికి డ్రోనే కెమెరాని తిప్పుతుంది. ఆ తర్వాత ఫిల్టర్. నీటి మెరుపు తగ్గించడానికి పోలరైజర్ పెడతారు, మంచిదే. కానీ ఆ మోడల్ కోసం చేయని బరువైన ఫిల్టర్ పెడితే గింబల్ మోటారు మొయ్యలేక ముక్కు వాల్చేస్తుంది, ఓవర్‌లోడ్ మెసేజ్ కూడా రావచ్చు. ఫిల్టర్ తీసి మళ్లీ ఎగరేయండి, అక్కడే తేలిపోతుంది.

కెమెరా పైకి ఎత్తబోతే ఒక చోట ఆగిపోవడం లోపం కాదు. ఉదాహరణకి డీజేఐ మినీ 2లో మామూలు పరిధి మైనస్ 90 (నేరుగా కిందికి) నుంచి 0 డిగ్రీల (నేరుగా ఎదురుకి) వరకే. సెట్టింగ్స్‌లో అనుమతిస్తే ప్లస్ 20 దాకా వెళ్తుంది.

గీత ఒక పక్కకి ఒరిగి ఉంటే

మొదట గింబల్ మోడ్ చూడండి. ఎఫ్‌పీవీ మోడ్‌లో డ్రోన్ ఒరిగితే చిత్రం కూడా ఒరుగుతుంది, ఫాలో మోడ్‌కి మార్చండి. అది సరిగానే ఉంటే డ్రోన్‌ని ఎక్కడ ఆన్ చేశారో గుర్తు చేసుకోండి. ఊగుతున్న పడవ మీదా? ఆన్ అయిన మొదటి కొద్ది సెకన్లు డ్రోన్ కదలకుండా ఉండాలి, అప్పుడే లోపలి సెన్సర్లకి ఏది సమతలమో తెలుస్తుంది. ఒడ్డున గట్టి నేల మీద ఆపి మళ్లీ ఆన్ చేయండి. పంటు (జనాన్నీ వాహనాల్నీ నది దాటించే ఇనుప పడవ) మీద నుంచైతే అసలు ఎగరేయకండి. కింద ఉన్న ఇనుము కంపాస్‌ని తప్పుదారి పట్టిస్తుంది. పంటు ముందుకు కదిలిపోతే హోమ్ పాయింట్, అంటే డ్రోన్ తిరిగి వచ్చి దిగే చోటు, నడి నీళ్లలో మిగిలిపోతుంది.

గీత కదలదు, పడవ మాత్రం జారిపోతుంది

నన్ను దెబ్బ తీసింది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

డ్రోన్ పొట్ట కింద చిన్న కెమెరా, దూరం కొలిచే సెన్సర్ ఉంటాయి. తక్కువ ఎత్తులో ఇవి నేల మీది గరుకుని, మచ్చల్ని చూసి "నేను కదల్లేదు" అని లెక్క కడతాయి. దీన్నే విజన్ పొజిషనింగ్ అంటారు. మినీ 2లో వీటి పరిధి 0.5 నుంచి 10 మీటర్లు. నేల కదలదు కాబట్టి లెక్క కుదురుతుంది. నీరు అలా ఉండదు. ప్రవాహంతో కదులుతుంది, ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంది. కిందికి దిగినకొద్దీ రెక్కల గాలికి అలలు వలయాలుగా పరుచుకుంటాయి. కదిలే నీటిని కదలని నేల అనుకున్న డ్రోన్ దానితో పాటే జరుగుతుంది. ఎత్తు కొలత కూడా తప్పి, కొన్నిసార్లు మెల్లగా కిందికి దిగుతుంది. జీపీఎస్ బలంగా ఉంటే కొంత సర్దుకుంటుంది. పాపికొండల లాంటి చోట రెండు వైపులా కొండలు ఆకాశాన్ని కమ్మేసి ఉపగ్రహాలు తక్కువగా అందుతాయి, అక్కడ ఈ తప్పు ఇంకా పెరుగుతుంది.

దీన్ని కెమెరా కోణం సమస్య అని పొరబడటానికి కారణం ఉంది. డ్రోన్ కిందికి దిగితే ఎదురుగా ఉన్న పడవ ఫ్రేములో పైకి జరుగుతుంది. కెమెరా కిందికి వంగినా సరిగ్గా అలాగే కనిపిస్తుంది. అందుకే వేలు డయల్ మీదకి వెళ్లి కెమెరాని కాస్త పైకి ఎత్తుతుంది. పడవ మళ్లీ మధ్యలోకి వస్తుంది. ఫ్రేము బాగుంది కదా అని మీరు షూట్ చేస్తుంటారు, డ్రోన్ దిగుతూనే ఉంటుంది.

కోటిపల్లి రేవు దగ్గర నేను చేసింది ఇదే. పడవకి 9 మీటర్ల దూరం, నీటికి 4 మీటర్ల ఎత్తు, కెమెరా మైనస్ 24 డిగ్రీలు. పడవ జారినప్పుడల్లా డయల్ తిప్పాను. చివరికి కోణం మైనస్ 9కి వచ్చింది. అదే దూరంలో మైనస్ 9 అంటే డ్రోన్ నీటికి దాదాపు మీటరున్నర పైన ఉందన్న మాట. ఆ అంకె కళ్ల ముందే ఉన్నా నేను జంట ముఖాలే చూస్తున్నాను. కాసేపటికి డ్రోన్ నీళ్లని తాకింది, మళ్లీ దొరకలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. ఆగి ఉన్న షాట్‌లో డయల్‌ని ఒకే వైపుకి రెండోసారి తిప్పాల్సి వస్తే షాట్ వదిలేసి ముందు డ్రోన్‌ని పైకి లేపుతాను. నీటి మీద 10 మీటర్ల కంటే కిందికి దిగను, దగ్గరగా కావాలంటే ఎత్తులోనే ఉండి కెమెరాని ఎక్కువ వంచుతాను. ఎత్తు అంకె ఒక్కదాన్నే నమ్మను. అది ఎగిరిన చోటు నుంచి లెక్క, నీటి మట్టం నుంచి కాదు. ఎత్తైన గట్టు మీద నుంచి ఎగరేస్తే అంకె ఒకటి, నీటికి ఉన్న దూరం ఇంకొకటి. స్క్రీన్ చూడకుండా డ్రోన్‌నే చూస్తూ ఉండే మనిషి ఒకరు పక్కన ఉండాలి. తక్కువ ఎత్తు షాట్ తప్పదనుకుంటే, ఆ మోడల్‌లో వీలుంటే కింది విజన్ పొజిషనింగ్‌ని ఆపుతాను, ఉపగ్రహాలు బాగా అందుతున్నాయని చూసుకున్నాకే.

ముందుకి వేగంగా వెళ్లేటప్పుడు మాత్రమే వస్తే

నీటి మీద గాలి జోరుకి డ్రోన్ బాగా ముందుకి వాలుతుంది, రెక్కలు ఫ్రేము పై అంచులో పడతాయి. ఎక్కువ వేగం ఇచ్చే స్పోర్ట్ మోడ్ తీసేసి, కెమెరాని ఓ పది డిగ్రీలు దించండి.

మిగతావి

రిబ్బన్ కేబుల్ చిట్లడం, మోటారు కాలడం, ఫర్మ్‌వేర్ తేడా, ఇవన్నీ అరుదు. ఉంటే ఇంటి ముందు ఖాళీ స్థలంలో ఎగరేసినా అదే గోల కనిపిస్తుంది. అక్కడ బాగుండి నీటి మీదే వస్తోందంటే వీటికోసం డ్రోన్ విప్పకండి. విజన్ పొజిషనింగ్ ఆపి ఉంటే మాత్రం ఒడ్డుకి తిరిగొచ్చి దించే ముందు మళ్లీ ఆన్ చేయండి.